పువ్వు కాదు, జాలీ చూడండి: బాబిన్ లేసు ఏ ఊరిదో చెప్పేది ఏది?

దిండు మీద గుండుసూదులు గుచ్చుకుంటూ, బాబిన్లనే పుల్లలకు చుట్టిన దారాల్ని అల్లి చేసేది బాబిన్ లేసు. దాని ముక్క చేతికిస్తే చాలామంది ముందు పువ్వు చూస్తారు. గులాబీ కనిపిస్తే ఇంగ్లండ్‌లోని హానిటన్ అంటారు, ఎనిమిది కొసల శిలువ ఉంటే మాల్టా అంటారు, నల్లగా ఉంటే ఫ్రాన్స్‌లోని షాంటిల్లీ అనేస్తారు. పాత లేసులు అమ్మేవాళ్లు తగిలించే పేర్లలో చాలావరకు ఇలా పుట్టినవే. నా లెక్కలో ఇది తలకిందుల పద్ధతి. పువ్వు ఏ ఊరి సొత్తూ కాదు. లేసు ఊరు తెలిసేది పువ్వుల మధ్యనున్న జాలీలో. ఇంకా చెప్పాలంటే జాలీ, పువ్వు ఒకేసారి పుట్టాయా, ఒకటయ్యాక ఇంకోటి పుట్టిందా అన్న దాంట్లో. దిండు ఆకారం, బాబిన్ బరువు, దారం నంబరు అన్నీ ఆ వరసను బట్టి ఏర్పడ్డవే.

పువ్వు ఎంత తేలిగ్గా ఊళ్లు దాటుతుందో చూడండి. బాబిన్ లేసు నమూనాల పుస్తకం వెనిస్‌లో 1557లోనే అచ్చయింది. 1561లో జూరిచ్‌లో ఇంకోటి వచ్చింది. వెనిస్ నుంచి వచ్చే వర్తకులు 1536 ప్రాంతంలో ఈ పనిని తమ ఊరికి తెచ్చారని అందులోనే రాసి ఉంది. పుస్తకం కొన్నవాళ్లెవరైనా పువ్వు దించుకోవచ్చు. జాలీ అలా దిగదు. అది ఆరేళ్ల వయసు నుంచి వేళ్లకు పట్టిన అలవాటు. పక్క ఊరి జాలీ వెయ్యమంటే దిండు మార్చాలి, సూదులు మార్చాలి, దారం మార్చాలి, ఆపైన చెయ్యి మార్చుకోవాలి.

తెలుగువాళ్లకు లేసు అనగానే నరసాపురం గుర్తొస్తుంది. అది క్రోషే. ఒకే కొక్కెం సూది, ఒకే దారం, ముడిలోంచి ముడి లాగుతూ పోవడం. చివరి ముడి విప్పి దారం లాగితే అల్లినంతా వరసగా ఊడిపోతుంది. బాబిన్ లేసులో ముడులుండవు. పదులు, వందల దారాలు ఒక్కొక్కటి ఒక్కో చెక్కపుల్లకు చుట్టి ఉంటాయి. వాటిని ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ పోతారు. చుట్టరికం చూస్తే అది మగ్గానికి దగ్గర, క్రోషేకి దూరం. ఒక దారం కొస పట్టి లాగితే ఊడదు, ముడుచుకుంటుంది. మన దక్షిణాదిలో బాబిన్ లేసు వేళ్లూనుకున్నది నాగర్‌కోయిల్ వైపు, పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో, మార్తా మాల్ట్ అనే మిషనరీ మహిళ పెట్టిన బడి నుంచి. నరసాపురం లేసు వెనక కూడా మిషనరీలే ఉన్నారు కాబట్టి రెండూ ఒకటే అనుకునేవాళ్లున్నారు. తెచ్చినవాళ్లు ఒక కోవకు చెందినవాళ్లయినంత మాత్రాన పని ఒకటి కాదు.

రెండే కదలికలు

పనంతా రెండు కదలికల్లో ఉంది. పక్కపక్కనున్న రెండు జతలు, అంటే నాలుగు బాబిన్లు తీసుకుని ఎడమ నుంచి 1, 2, 3, 4 అనుకోండి. ఈ నంబర్లు స్థానాలవి, బాబిన్లవి కావు. బాబిన్ జరగ్గానే దాని నంబరు మారిపోతుంది. 2ని 3 మీదుగా వేస్తే క్రాస్. 2ని 1 మీదుగా, 4ని 3 మీదుగా వేస్తే ట్విస్ట్. క్రాస్‌లో ఎప్పుడూ ఎడమది పైన, ట్విస్ట్‌లో ఎప్పుడూ కుడిది పైన. ఈ నియమం ఒక్కచోట తిరగబడినా దారం కిందా మీదా పడే వరస తప్పుతుంది. అక్కడ ఒక దారం వరసగా రెండింటి మీదుగా తేలిపోతుంది, ఆ చోటు ఎంత లాగినా బిగియదు.

క్రాస్, ట్విస్ట్, క్రాస్ చేస్తే అచ్చంగా పడుగు–పేక నేత. ఒక జత పేకలాగా అడ్డంగా పోతుంది, మిగతా జతలు పడుగులాగా నిలువుగా దిగుతాయి. దట్టమైన రేకులన్నీ ఈ నేతే. చివరి క్రాస్ మానేసి క్రాస్, ట్విస్ట్ దగ్గరే ఆపితే హాఫ్ స్టిచ్. ఇందులో పేక జతలో ఒక్క దారమే అడ్డంగా ప్రయాణిస్తుంది. మిగతావన్నీ ఏటవాలుగా చెదిరి, పలచగా, నీడ పడ్డట్టు కనిపిస్తాయి. హాఫ్ స్టిచ్‌లో ఆ అడ్డం దారం గాని అయిపోతే అతుకు దాచే చోటుండదు. పడుగు–పేక నేతలోనైతే కొత్త దారాన్ని పాతదాని పక్కనే పెట్టి, రెండూ కలిపి నాలుగైదు సూదుల మేర నేసి, తర్వాత పాతది కత్తిరించేస్తే ఎవరికీ తెలియదు. అందుకే హాఫ్ స్టిచ్ రేకు మొదలుపెట్టే ముందు ఏ బాబిన్ అడ్డంగా పోబోతోందో చూసుకుని, దాని మీద దారం నిండుగా ఉందో లేదో సరిచూసుకోవాలి.

ఇంతవరకు యూరప్ అంతా ఒకటే. తేడాలు జాలీ దగ్గర మొదలవుతాయి.

టోర్షన్ అనే సాదా లేసు జాలీలో క్రాస్–ట్విస్ట్ వేసి, గుండుసూది గుచ్చి, మళ్లీ క్రాస్–ట్విస్ట్ వేస్తారు. రెండు కుట్ల మధ్య సూది బందీ అవుతుంది కాబట్టి దారం జారదు. గళ్ల కాగితం మీద 45 డిగ్రీల వాలులో చుక్కలు పెట్టుకుంటే నమూనా అట్ట సిద్ధం. ఇంత తేలిక కాబట్టే స్పెయిన్ నుంచి స్వీడన్ దాకా అందరూ చేశారు. వట్టి టోర్షన్ ముక్క చూపించి ఏ ఊరిదో చెప్పమంటే నేను చెప్పను. చెప్పేవాళ్లను నమ్మను కూడా.

ఇంగ్లండ్ మధ్య జిల్లాల బకింగ్‌హామ్‌షైర్ పాయింట్ – వాడుకలో బక్స్ – జాలీ వేరు. ఒక క్రాస్, మూడు ట్విస్టులు, ఆ తర్వాత సూది. సూది తర్వాత మూసే కుట్టు లేదు, తిన్నగా కింది చుక్కకు పోవడమే. చుక్కల వాలు 45 డిగ్రీలు కాదు. తిన్నటి అంచు నుంచి కొలిస్తే 52 నుంచి 60 డిగ్రీల దాకా, కొన్ని పాత నమూనాల్లో అంతకు మించి కూడా ఉంటుంది. ఫలితంగా ప్రతి కన్నూ, అంటే జాలీలోని ప్రతి రంధ్రమూ, ఆరుకోణాలుగా, దాదాపు గుండ్రంగా తేలుతుంది. సూదిని పట్టి ఉంచే కుట్టు లేదు కాబట్టి అక్కడ దారాన్ని నిలబెట్టేవి ఆ మూడు ట్విస్టులు, పక్క కళ్ల బిగువు మాత్రమే. ఒక చోట మూడుకు బదులు రెండే పడితే ఆ కన్ను ఒక్కటే వదులై ఒక పక్కకు వాలుతుంది. వేసేటప్పుడు తెలియదు. సూదులు తీశాకే బయటపడుతుంది, అప్పటికి చెయ్యగలిగేది లేదు. ఇంకో పొరపాటు ఏంటంటే, కొత్త సూదుల కోసమని వెనక సూదుల్ని త్వరగా పీకెయ్యడం. పాయింట్ జాలీలో కనీసం అయిదారు సెంటీమీటర్ల పని వెనక దాకా సూదులు ఉంచాలి. టోర్షన్‌లో దీనికంటే తక్కువతో నెట్టుకురావచ్చు.

బెల్జియంలోని మెష్లిన్, బ్రస్సెల్స్ ఊళ్ల జాలీలు రెండూ ఆరుకోణాలే. కంటితో చూస్తే ఒకటే అనిపిస్తాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెట్టి ఒక్క కన్ను చుట్టూ తిరగండి. రెండింటిలోనూ నాలుగు వైపులు రెండేసి దారాలు రెండుసార్లు మెలిపడ్డవి. మిగతా రెండు వైపులు నాలుగు పాయల జడ. ఆ జడలో అల్లిక మూడుసార్లు పడితే మెష్లిన్, నాలుగుసార్లు పడితే బ్రస్సెల్స్. అంటే బ్రస్సెల్స్ కన్నుకి ఆ రెండు వైపులూ కాస్త పొడవు. వాలెన్సియెన్ జాలీలో మెలి అన్నదే లేదు. అన్ని వైపులూ జడలే. పాతవాటిలో కన్ను గుండ్రంగా ఉంటుంది, పందొమ్మిదో శతాబ్దం వాటిలో వజ్రం ఆకారంలో ఉంటుంది. పైగా మెష్లిన్ పువ్వు చుట్టూ మెరిసే లావు దారం, గింప్, గట్టులాగా తిరుగుతుంది. వాలెన్సియెన్‌లో గింప్ ఉండదు, పువ్వు అంచూ నేతలోనే కలిసిపోయి ముక్కంతా చదునుగా ఉంటుంది. వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది.

ఇప్పుడు షాంటిల్లీ సంగతి. దాని జాలీ కూడా బక్స్ వాడే పాయింట్ జాలీయే. రంగు చూసి ఎందుకు నిర్ణయించకూడదో ఇక్కడ అర్థమవుతుంది. నల్ల పట్టు లేసు ఫ్రాన్స్‌లో ల పుయ్‌లోనూ చేశారు. షాంటిల్లీని పట్టించేవి రెండు. పువ్వులు ఎక్కువగా హాఫ్ స్టిచ్‌లో, నీడలుగా ఉంటాయి, వాటి చుట్టూ మెలిలేని మెత్తటి పట్టు పాయ తిరుగుతుంది. శాలువా అంత పెద్ద ముక్కయితే అది ఒక్క దిండు మీద పుట్టదు. పట్టీలు పట్టీలుగా చేసి, రక్రో అనే సూదికుట్టుతో కలుపుతారు. జాలీలో ఒక వరస కళ్లు తక్కినవాటికన్నా ఒక్క వాసి బిగువుగా ఉంటే అదే అతుకు. మంచి పనిలో అదీ దొరకదు.

ఒకేసారా, విడివిడిగానా

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే ప్రశ్న ఇది. బక్స్, మెష్లిన్, వాలెన్సియెన్, బాంష్, షాంటిల్లీ – వీటన్నిటిలో పువ్వూ జాలీ ఒకేసారి పుడతాయి. పని మొదలుపెట్టేటప్పుడే పట్టీ వెడల్పుకు సరిపడా జతలన్నీ దిండు మీద వేలాడతాయి. జాలీ దారాలే పువ్వులోకి వెళ్లి పడుగవుతాయి, రేకు అయిపోగానే మళ్లీ బయటికొచ్చి జాలీ అవుతాయి. కాబట్టి వెడల్పు పెరిగితే జతలు పెరుగుతాయి. నాలుగు వేళ్ల వెడల్పు సన్నటి పాయింట్ పట్టీకి వంద జతలు కావడం వింత కాదు. ఒక ముక్క మీద ఒక్కరే పని చెయ్యగలరు, ఎన్ని నెలలైనా సరే.

హానిటన్‌లో, పాత బ్రస్సెల్స్‌లో, మిలాన్‌లో అలా కాదు. అక్కడ పువ్వు ముందు పుడుతుంది, విడిగా. పది పన్నెండు జతలతో ఒక ఆకు, ఒక రెమ్మ చేసి పక్కన పెడతారు. తర్వాత వాటిని జాలీతోనో, అడ్డ పట్టీలతోనో కలుపుతారు. పువ్వులు చేసే చేతులు వేరు, కలిపే చేతులు వేరు. విక్టోరియా రాణి 1840 పెళ్లి లేసు దీనికి మంచి ఉదాహరణ. డెవన్‌లోని బీర్ అనే పల్లె, దాని చుట్టుపక్కల ఊళ్లలో రెండు వందల మందికి పైగా కలిసి 1839 మార్చి నుంచి నవంబరు లోపు పూర్తిచేశారు. అదే ముక్కని వాలెన్సియెన్ పద్ధతిలో చెయ్యమంటే రెండు వందల మంది ఉన్నా లాభం లేదు, దిండు దగ్గర కూర్చోగలిగేది ఒక్కరే.

రెండు పద్ధతుల్ని విడదీసే పరీక్ష తేలిక. భూతద్దం కింద జాలీలోని ఒక్క దారాన్ని పట్టుకుని పువ్వు దాకా వెంబడించండి. అది పువ్వు నేతలోకి దూరి అటువైపు బయటపడితే ఒకేసారి చేసిన లేసు. పువ్వు అంచు దగ్గరే ఆగి, అంచు రంధ్రంలో ముడిపడి వెనక్కి తిరిగితే విడివిడిగా చేసిన లేసు. జాలీ పువ్వు వెనకనుంచే తిన్నగా సాగిపోతుంటే, పువ్వుని తెచ్చి మిషన్ నెట్ మీద కుట్టారన్నమాట.

ఈ మిషన్ నెట్ వెనకున్న కథ ప్రాంతాల తలరాత మార్చింది. జాన్ హీత్‌కోట్ 1809లో పేటెంట్ తీసుకున్న యంత్రం ఆరుకోణాల సాదా జాలీని తయారుచేసింది. 1816లో లఫ్‌బరోలో అతని ఫ్యాక్టరీ మీద యంత్రాల్ని వ్యతిరేకించే లడైట్లు అనే కార్మికులు పడి యంత్రాలు పగలగొడితే, అతను డెవన్‌లోని టివర్టన్‌కి మకాం మార్చాడు. అంటే హానిటన్ పక్కకే వచ్చి కూర్చున్నాడు. హానిటన్‌లో జాలీ చేసి బతికినవాళ్లకు అది దెబ్బ, పువ్వులు చేసేవాళ్లకు మాత్రం చవగ్గా నెట్ దొరికింది. పువ్వు, జాలీ ముందునుంచీ వేరువేరు కాబట్టే జాలీని యంత్రానికి వదిలేసి బతికి బట్టకట్టారు. బక్స్ వాళ్లకు ఆ వీల్లేకపోయింది. వాళ్ల జాలీని పువ్వునుంచి విడదీయడం కుదరదు. యంత్రం అనుకరించింది సరిగ్గా ఆ జాలీనే. వాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది, దానికి తర్వాత వస్తాను.

బాబిన్ కొసన పూసలెందుకు, ఎందుకు వద్దు

ఇంగ్లండ్ బాబిన్ అనగానే అందరూ బొమ్మల్లో చూసేది కొసన తీగకు గాజుపూసలు గుచ్చిన ఎముక పుల్లని. అది మధ్య జిల్లాల బాబిన్. పొడవు పది సెంటీమీటర్ల అటూ ఇటూ. పూసల బరువుకి దారం ఎప్పుడూ బిగువుగా ఉంటుంది, వాలు దిండు మీద బాబిన్ దొర్లకుండా పూసలు అడ్డుపడతాయి. అందం కోసమే పెట్టారన్న మాట నేను ఒప్పుకోను. వందల బాబిన్ల మధ్య ఒకటి మెలి తిరిగిందో లేదో తెలియాలంటే అది దొర్లకుండా ఉండాలి.

హానిటన్ బాబిన్‌కి పూసలు లేవు. సన్నగా, నున్నగా, కొస పెన్సిల్‌లాగా చెక్కి ఉంటుంది. కారణం అతుకు. పక్క రేకుకి కొత్త రేకుని తగిలించాలంటే, ముందు చేసిన అంచులోని సూదిని పీకి, ఆ రంధ్రంలోకి సన్నటి కొక్కెం దూర్చి, జతలో ఒక దారాన్ని ఉచ్చుగా పైకి లాగాలి. అదే జతలోని రెండో బాబిన్‌ని కొస ముందుగా ఆ ఉచ్చులోంచి దాటించి, రెండు దారాలూ నెమ్మదిగా బిగించి, సూదిని తిరిగి అదే రంధ్రంలో గుచ్చాలి. ఉచ్చు వెడల్పు బియ్యపు గింజంత. పూసలున్న బాబిన్‌ని అందులోంచి దాటించలేరు. బలవంతంగా లాగితే తెగేది దారమే, ఎందుకంటే హానిటన్ దారం 170, 180 నంబరు కాటన్. ఈ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. దాని మీద పూసల బాబిన్ వేలాడదీస్తే అతుకు దాకా పోనక్కర్లేదు, బరువుకే తెగుతుంది. హానిటన్ పనిని తిరగేసి చేస్తారని కూడా గుర్తుంచుకోవాలి. పైకి కనిపించేది వెనక వైపు, ఉబ్బెత్తు ఈనెలు కిందివైపు పుడతాయి. దిండు మీద చూసి పని బాగాలేదనుకోవద్దు, ఎత్తి తిప్పి చూడాలి.

దిండు కూడా అంతే. రేకు చుట్టూ పని తిరుగుతుంది కాబట్టి హానిటన్ దిండు గుండ్రంగా, మధ్యలో కాస్త ఉబ్బుగా, చేత్తో తిప్పుకునేలా ఉంటుంది. మీటర్ల కొద్దీ పట్టీ తియ్యాలంటే తిరిగే గుండ్రటి రోలర్ కావాలి. జర్మనీ ఎర్జ్‌గెబిర్గె కొండల్లో, ల పుయ్‌లో రోలర్ దిండ్లే. ఎర్జ్‌గెబిర్గె బాబిన్ల మీద చుట్టిన దారం మాసిపోకుండా చెక్క గొట్టం తొడుగుతారు. మాల్టా దిండు పొడుగ్గా, సన్నగా, గడ్డి కూరి ఉంటుంది, దాన్ని నిలువుగా ఆనించి పని చేస్తారు. అక్కడ బాబిన్లు కిందికి వేలాడుతూ ఉంటాయి, అందుకే పూసల అవసరం రాలేదు. దిండులో ఏది కూరినా గట్టిగా కూరాలి. గడ్డి వదులుగా ఉంటే సూది వాలుతుంది, సూది వాలితే జాలీ కన్ను వాలుతుంది. మొదటిసారి చేసేవాళ్లు తమ చేతిని తిట్టుకుంటారు, తప్పు దిండుది.

జడలు, ఆకులు

యంత్రం పాయింట్ జాలీని మింగేశాక మధ్య జిల్లాలవాళ్లు పట్టుకున్న దారి బెడ్‌ఫర్డ్‌షైర్ లేసు. 1851 లండన్ మహా ప్రదర్శన నాటికి మాల్టా లేసు ఇంగ్లండ్‌లో మోజుగా ఉంది. 1833లో హామిల్టన్ చిచెస్టర్ అనే దొరసాని జెనోవా నుంచి లేసువాళ్లను రప్పించి మాల్టాలో ఆ పనిని నిలబెట్టింది. అందులో జాలీ అంటూ లేదు. పువ్వుల్ని కలిపేవి నాలుగు పాయల జడలు, వాటి మధ్య ఆకులు. అప్పటి యంత్రానికి జడ చేతకాదు. బెడ్‌ఫర్డ్‌లో థామస్ లెస్టర్ లాంటి వర్తకులు ఆ పద్ధతిని తీసుకుని, దాంట్లోకి పాత బక్స్ చేతివాటాన్ని కలిపారు.

ఇక్కడ నా వాదనకు చిక్కొస్తుంది, దాచను. జాలీ లేని లేసులో జాలీ చూసి ఊరు చెప్పడమెలా? బెడ్‌ఫర్డ్, మాల్టా, ఫ్రాన్స్ క్లూనీ – ముగ్గురిదీ జడల పనే. అప్పుడు చూడాల్సింది ఆకు. రెండు జతలు, అంటే నాలుగు దారాలతో ఆకు పుడుతుంది. ఒక దారం పేక. అది మిగతా మూడింటి కిందా మీదా అటూ ఇటూ తిరుగుతుంది. పేకని ఎంత వదిలితే ఆకు అంత వెడల్పు, ఎంత లాగితే అంత సన్నం. మాల్టా ఆకు గోధుమ గింజలాగా పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. దారం తేనెరంగు పట్టు. బెడ్‌ఫర్డ్ ఆకు సన్నగా, కొసదేలి ఉంటుంది. దారం ఎక్కువగా కాటన్. అంచున జడలు, పికోలనే చిన్న దారపు ఉచ్చులతో మలిచిన నైన్‌పిన్ అనే వంపులు వరసగా కనిపిస్తే బెడ్‌ఫర్డ్ అనడానికి ఇంకో ఆధారం. శిలువని మాత్రం ఆధారంగా తీసుకోను, ఇంగ్లండ్‌లోనూ వేశారు.

ఆకు చెయ్యడంలో చెడిపోయేది దాదాపు ఎప్పుడూ చివర్లోనే. ఆకు పూర్తయ్యాక పేక బాబిన్‌ని చేతిలోంచి వదిలితే దాని బరువుకే దారం లాక్కుని ఆకు మొత్తం ఒక గీతలాగా ముడుచుకుపోతుంది. పూసలున్న బాబిన్ అయితే రెప్పపాటులో జరుగుతుంది. కాబట్టి ఆకు కింది సూది గుచ్చి, పక్క జతతో కుట్టు వేసేదాకా పేకని ఎత్తిపట్టుకునే ఉండాలి. కుట్టు వేసేటప్పుడు కూడా ముందు కదలాల్సింది పేక లేని జత. రెండు జడలు ఎదురెదురుగా వచ్చి దాటే చోట ఇంకో చిట్కా ఉంది. ప్రతి జతనీ ఒక్క దారంలాగా భావించి, క్రాస్, ట్విస్ట్, సూది, క్రాస్ చెయ్యాలి. దీన్నే విండ్‌మిల్ అంటారు. జతల్ని విడదీసి మామూలు కుట్టు వేస్తే ఆ చోట గడ్డకట్టినట్టు ఉంటుంది, జడలు దాటినట్టు కనపడదు.

ఏడు జతలతో ఎంత పెద్దదైనా

ఇద్రియ, వొలోగ్దా లేసులది మూడో దారి. స్లొవేనియాలోని ఇద్రియ పాదరసం గనుల ఊరు. అక్కడి లేసు బడి 1876లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. స్లొవేనియా బాబిన్ లేసు పనిని 2018లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. వీళ్లది రిబ్బను పద్ధతి. ఆరేడు జతలతో ఒక సన్నటి రిబ్బను నేస్తూ, దాన్నే వంకరలు తిప్పుతూ, తన పక్కకు తాను వచ్చినప్పుడల్లా కొక్కెంతో అతుకుతూ పోతారు. రుమాలు అంచైనా, బల్ల మీద గుడ్డైనా అవే ఏడు జతలు. వెడల్పుతో పాటు జతలు పెరిగే బక్స్‌కి ఇది పూర్తిగా ఎదురు కొస.

ఇందులో కష్టం వంపు. బయటి అంచు పొడవు, లోపలి అంచు పొట్టి. రెండు వైపులా సమానంగా సూదులు గుచ్చుకుంటూ పోతే లోపల సూదులు ఒకదాని మీద ఒకటి ఎక్కి రిబ్బను ఉబ్బుతుంది. పరిష్కారం ఏంటంటే, లోపలి సూదిని ఒకటికి రెండుసార్లు వాడటం, లేదా పేక లోపలి అంచు దాకా వెళ్లకుండా ఒక జత ముందే వెనక్కి తిరగడం. పడుగు జతల్ని ప్రతి సూది దగ్గరా కొద్దిగా కిందికి లాగాలి. వదిలేస్తే సూదులు తీశాక వంపు లోపల దారాలు తేలిపోతాయి. అతుకుల దగ్గర తొందరపడి గట్టిగా లాగితే అంచు రంధ్రం సాగి, ముక్కంతా అయ్యాక చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

రష్యాలో వొలోగ్దా కూడా రిబ్బనే, కాని చూపు వేరు. అక్కడ నార దారంతో దట్టంగా, తెగకుండా పారే పట్టీ ముందుకొస్తుంది. జడల జాలీ దాని వెనక పలచగా ఒదిగిపోతుంది. యెలెత్స్ లేసు ఇంకా సన్నం, పట్టీకీ జాలీకీ అంత తేడా కొట్టొచ్చినట్టు ఉండదు. మిఖైలొవ్‌ది వేరే లోకం. ఎరుపు, తెలుపు, నీలం లావు దారాలు, నమూనా అట్ట లేకుండా లెక్క పెట్టుకుంటూ చేసే పని. వొలోగ్దా, యెలెత్స్ పువ్వుల్ని కాగితం మీద గీసి చూపిస్తే ఏది ఎవరిదో తేల్చడం కష్టం.

ఊరి పేర్లనే పట్టుకుని వేలాడేవాళ్లకు ఇంకో సంగతి. వాలెన్సియెన్ ఊరు 1678 దాకా ఫ్రాన్స్‌లో లేనే లేదు, హైనో ప్రాంతంలో ఉండేది. ఆ లేసు ఫ్లాండర్స్ చేతిపని. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ ఊళ్లో పని పడిపోతే పందొమ్మిదో శతాబ్దంలో ఈప్ర్, బ్రూజ్, ఘెంట్‌లలో అదే పేరుతో చేశారు. షాంటిల్లీ పేరు మీద బయూ, కాన్ ఊళ్లు, బెల్జియంలో గ్రామోన్ పని చేశాయి. అందుకే చీటీ మీద ‘వాలెన్సియెన్, ఫ్రాన్స్’ అని ఉంటే నేను మొదటి మాట దగ్గర ఆగిపోతాను. జాలీ ఆ మాటని నిరూపిస్తుంది, రెండో మాటకు వేరే కాగితాలు కావాలి.

కొనేవాళ్లకు, నేర్చుకునేవాళ్లకు

జడల పనిని అనుకరించేది బార్మెన్ యంత్రం. అది కూడా జడ అల్లే యంత్రమే కాబట్టి టోర్షన్ నకలు చూడగానే దొరకదు. రెండు చూడండి. చేతిపనిలో తప్పు ఎక్కడో ఒకచోట ఉంటుంది, యంత్రంలో తప్పు ఉంటే ప్రతి పువ్వులోనూ అదే చోట ఉంటుంది. రెండోది, కొక్కెం అతుకు వెయ్యడం ఆ యంత్రానికి రాదు. వంపు తిరిగి తన పక్కకే వచ్చి అతుక్కున్న రిబ్బను కనిపిస్తే అది బార్మెన్ కాదు. లీవర్స్ యంత్రం చేసిన ‘షాంటిల్లీ’ అయితే ఇంకా తేలిక. భూతద్దంలో రేకు పడుగు–పేకలా కాకుండా గీతలు గీతలుగా, చారల గుడ్డలా కనిపిస్తుంది.

నేర్చుకునేవాళ్లకు ఎవరైనా టోర్షన్‌తోనే మొదలుపెట్టమంటారు. దానితో నాకు సగమే ఏకీభావం. బక్స్ వైపు పోవాలనుకుంటే టోర్షన్ సరైన మెట్టే. కుట్టు, సూది, బిగువు అలవాటవుతాయి. 35/2 నార దారం, 0.65 మిల్లీమీటర్ల సూదులు, పన్నెండు జతలు చాలు. ఇద్రియ, హానిటన్ వైపు పోవాలనుకునేవాళ్లకు మాత్రం టోర్షన్‌లో ఏడాది గడిపినా అతుకు వెయ్యడం రాదు, ఎందుకంటే టోర్షన్ పట్టీలో అతుకు అవసరమే రాదు. వాళ్లు మొదటిరోజు నుంచే ఏడు జతల రిబ్బను పట్టుకోవడం మేలు.

ఆన్‌లైన్‌లో ‘అన్ని రకాల లేసులకూ’ అని అమ్మే కిట్లలో పూసల బాబిన్లు, చదునైన థర్మకోల్ దిండు, లావు సూదులు కలిపి పంపుతున్నారు. ఆ కిట్‌తో టోర్షన్ వస్తుంది, కొద్దిగా బెడ్‌ఫర్డ్ వస్తుంది. రిబ్బను లేసు చెయ్యాలంటే ఆ బాబిన్ల తీగలు విప్పి పూసలు తీసెయ్యాలి. తీసేశాక తీగ రంధ్రం అంచు గరుకుగా ఉంటే దారం పట్టుకుంటుంది, సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి. హానిటన్‌కి ఆ తంటా కూడా పనికిరాదు, బాబిన్లు వేరే కొనాల్సిందే. సూదులు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో అయి ఉండాలి. మన కోస్తా ఉక్కపోతలో మామూలు ఇనుప గుండుసూది దిండు మీద ఒక్క వారం ఉంటే తెల్లదారం మీద తుప్పు చుక్క పడుతుంది, అది ఉతికినా పోదు.